వసారాలో దిగినవాళ్ళు: జర్మన్ కాందిశీకులు, డేన్ల బడి, మన బరంపురం ఇల్లు

మా ఇంటి అమ్మాయి ఒకర్తి జర్మనీ ఉత్తర కొసన ఉన్న కీల్ ఊళ్ళో చదువుకుంటోంది. కిందటి వేసవిలో అక్కడికి దగ్గర్లోనే, డెన్మార్క్ సరిహద్దులో ఉన్న ఫ్లెన్స్‌బుర్గ్‌కి వెళ్ళి ఫోన్ చేసింది. "పెదనాన్నా, ఇక్కడ పిల్లలంతా డేనిష్ భాషలో చదువుకునే బడి ఉంది. బడికి డబ్బు జర్మన్ ప్రభుత్వమూ ఇస్తోంది, డెన్మార్కూ ఇస్తోంది. మన బరంపురంలో మనకి ఇలా ఎందుకు లేదు?" అని అడిగింది. అదే ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పింది. తను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ వాళ్ళ అమ్మ 1945లో తూర్పు ప్రష్యా నుంచి పారిపోయి వచ్చిందట. ఆ ఊళ్ళోనే అరవై ఏళ్ళు బతికినా, పాతకాపులు చివరి దాకా ఆవిణ్ణి "కాందిశీకురాలు" అనే గుర్తుపెట్టుకున్నారట.

ఈ రెండు సంగతులూ ఒకే నేల మీదివి, ఒకే కాలానివి. ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాళ్ళు ఒక పక్క, ఇంట్లోనే ఉండి పరాయివాళ్ళయినవాళ్ళు ఇంకో పక్క. మన ఇంటికి ఈ రెండు అనుభవాలూ ఉన్నాయి కాబట్టి ఈసారి ఆ కథ రాద్దామనుకున్నాం.

మన సంగతి ముందు రెండు ముక్కల్లో గుర్తు చేసుకుందాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. ఇచ్ఛాపురం మద్రాసు వైపు ఉండిపోయింది, బరంపురం ఒరిస్సాకి వెళ్ళింది. ముత్తాతగారు మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని ఒరిస్సాలో నిద్రలేచారని, మంచం మాత్రం కదల్లేదని మన ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. ఆరేళ్ళ తర్వాత, 1942లో, జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు రంగూన్‌లో ఉన్న మన ముత్తవ్వగారి తమ్ముడి కుటుంబం మణిపూర్ కొండల మీదుగా నడిచి వచ్చి మన వసారాలో దిగింది. ఆ వసారా గురించి చివర్లో చెబుతాం. ముందు జర్మనీ వెళదాం.

ఎవరీ కాందిశీకులు?

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మన్ మాట్లాడేవాళ్ళు ఒక్క జర్మనీలోనే లేరు. చెకొస్లొవేకియాలో సుడేటన్ జర్మన్లు సుమారు 30 లక్షల మంది ఉండేవారు. హంగరీ, యుగొస్లావియా, రుమేనియాల్లో ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఊళ్ళు కొన్ని, రెండు వందల ఏళ్ళ నాటివి కొన్ని ఉండేవి. ఇవి కాక తూర్పు ప్రష్యా, పొమెరేనియా, సైలీషియా అప్పటికి జర్మనీలో భాగాలే.

మొదటి యుద్ధం తర్వాత కొత్తగా పుట్టిన దేశాల చేత గెలిచిన మిత్రరాజ్యాలు అల్పసంఖ్యాకుల ఒప్పందాలు చేయించాయి. 1919లో పోలండ్‌తో మొదటిది. బడులు, భాష, మతం కాపాడతామని ఆ దేశాలు సంతకం చేశాయి. హిట్లర్ వచ్చాక ఆ హక్కుల మాటనే ఆయుధంగా వాడుకున్నాడు. చెకొస్లొవేకియాలో జర్మన్లకి అన్యాయం జరుగుతోందన్న సాకుతోనే 1938 సెప్టెంబరులో మ్యూనిక్ ఒప్పందం చేయించి ఆ దేశాన్ని ముక్కలు చేశాడు. ఏడాది తిరక్కుండా పోలండ్ మీద పడ్డాడు. ఆ తర్వాత ఆరేళ్ళలో పోలిష్ ప్రజలు, చెక్‌లు, అందరికన్నా ఎక్కువగా యూదులు అనుభవించినది ప్రపంచానికి తెలిసిందే. జర్మన్ కాందిశీకుల కష్టం గురించి రాసేటప్పుడు ఈ ముందు పేజీని దాటేసి రాయకూడదు.

అలాగని వెనక పేజీని దాటేయడమూ న్యాయం కాదు. 1945 జనవరి చలిలో ఎర్ర సైన్యం ముందుకొస్తుంటే తూర్పు ప్రష్యా నుంచి బళ్ళ మీద, గడ్డకట్టిన సముద్రపు పాయల మీద, ఓడల మీద జనం పారిపోయారు. జనవరి 30న విల్హెల్మ్ గుస్ట్‌లోఫ్ అనే ఓడ టార్పెడో దెబ్బకి మునిగి వేల మంది పోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూను. యుద్ధం అయ్యాక ఆగస్టులో పోట్స్‌డామ్‌లో మూడు అగ్రరాజ్యాలు పోలండ్, చెకొస్లొవేకియా, హంగరీల నుంచి జర్మన్లని తరలించడానికి ఒప్పుకున్నాయి. "క్రమంగా, మానవీయంగా" జరగాలని కాగితం మీద రాశారు. అప్పటికే చాలా చోట్ల అలా జరగలేదు, తర్వాత కూడా చాలా చోట్ల జరగలేదు. చేతి మూటతో గంటల్లో ఇల్లు ఖాళీ చేయించారు. మొత్తం మీద 1 కోటి 20 లక్షల మందికి పైగా తమ ఊళ్ళు వదిలారు. 1950 నాటికి పశ్చిమ జర్మనీలో సుమారు 80 లక్షల మంది, తూర్పు జర్మనీలో సుమారు 40 లక్షల మంది తేలారు.

ఒక వంటిల్లు, రెండు పొయ్యిలు

మా అమ్మాయి ఉన్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం మీద పడ్డ భారం అంతా ఇంతా కాదు. 1939లో అక్కడి జనాభా సుమారు 16 లక్షలు. పదేళ్ళకి 27 లక్షలైంది. ఊరంతా ముగ్గురుంటే ఇంకో ఇద్దరొచ్చి చేరినట్టు. హాంబుర్గ్, కీల్ లాంటి నగరాలు బాంబులకి కూలిపోయాయి కాబట్టి వచ్చినవాళ్ళని పల్లెల్లోకి పంపారు. అధికారులు రైతు ఇంటికొచ్చి గదులు లెక్కబెట్టి, "ఈ గది వీళ్ళకి" అని రాసేసి పోయేవారు. చోటు చాలనివాళ్ళకి రేకుల షెడ్లు, పాత సైనిక బారకాసులు.

వంటిల్లు ఒకటే, పొయ్యి దగ్గర వంతు. బావి దగ్గర వంతు. ఒకప్పుడు తూర్పు ప్రష్యాలో సొంత గుర్రాలూ పొలమూ ఉన్న రైతు ఇక్కడ ఇంకొకరి పొలంలో కూలీ. వచ్చినవాళ్ళూ జర్మన్లే, ఉన్నవాళ్ళూ జర్మన్లే, మాట్లాడేదీ జర్మనే. అయినా యాస వేరు. కాథలిక్కులు ప్రొటెస్టెంటు ఊళ్ళోకి, ప్రొటెస్టెంట్లు కాథలిక్కు ఊళ్ళోకి వచ్చి పడ్డారు. "పోలాకులు" అని తిట్టేవారు. పోలండ్ నుంచి జర్మన్లన్న కారణానికే వెళ్ళగొట్టబడ్డవాళ్ళకి జర్మనీలో దొరికిన బిరుదు అది. ఒకే జాతి అయినంత మాత్రాన తలుపు దానంతటది తెరుచుకోదని ఈ కథలో మనం ముందుగా గమనించాల్సింది.

తలుపు ఎలా తెరిచారు

దయ మీదే వదిలేస్తే ఆ పని అయ్యేది కాదు. చట్టం చేశారు, డబ్బు పెట్టారు, ఓటు ఇచ్చారు.

మొదటిది పౌరసత్వం. 1949 మూలచట్టంలోని 116వ అధికరణం జర్మన్ జాతి కాందిశీకుల్ని, వాళ్ళ భార్యాభర్తల్ని, పిల్లల్ని జర్మన్లుగానే లెక్కించింది. అంటే వచ్చినవాడు అతిథి కాదు, ఓటరు. 1950 జులైలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ఎన్నికల్లో కాందిశీకుల పార్టీ మొదటిసారి నిలబడి 23 శాతం పైగా ఓట్లు తెచ్చుకుంది. ఆ తర్వాత వాళ్ళని కాదని ఎవరూ ప్రభుత్వం నడపలేకపోయారు.

రెండోది డబ్బు. 1952లో "భారాల సర్దుబాటు చట్టం" వచ్చింది. ఆస్తి నిలబడ్డవాళ్ళు 1948 జూన్ నాటి విలువలో సగం ప్రభుత్వానికి కట్టాలి. ఒక్కసారిగా కాదు, మూడు నెలలకో వాయిదా చొప్పున 30 ఏళ్ళు. ఆ డబ్బుతో సర్వం పోయినవాళ్ళకి సామాన్ల కింద కొంత, ముసలివాళ్ళకి నెలనెలా కొంత, ఇల్లు కట్టుకోవడానికీ దుకాణం పెట్టుకోవడానికీ అప్పు. పెద్ద ఆస్తి పోయినవాళ్ళకి తక్కువ శాతం, చిన్న ఆస్తి పోయినవాళ్ళకి ఎక్కువ శాతం. వాయిదాలు సాగదీయడం వల్ల ఎవరూ ఇల్లు అమ్ముకోనక్కర్లేకపోయింది, రాబడిలోంచే కట్టారు. పోయిందంతా ఎవరికీ తిరిగి రాలేదు. కానీ "యుద్ధం అందరిదీ, నష్టం కొందరిదే ఎందుకవ్వాలి" అన్న ప్రశ్నకి ఒక దేశం రసీదు పుస్తకంతో జవాబు చెప్పింది.

మూడోది ఇళ్ళూ పనీ. 1950 గృహనిర్మాణ చట్టం ఆరేళ్ళలో 18 లక్షల ఇళ్ళు లక్ష్యంగా పెట్టుకుంది. కిక్కిరిసిన రాష్ట్రాల నుంచి పనులున్న రాష్ట్రాలకి కుటుంబాల్ని పంపారు. 1950 దశకంలో ఫ్యాక్టరీలకి మనుషులు కావాల్సి వచ్చారు, అది కలిసొచ్చింది.

ఇక్కడ మన ఆడవాళ్ళకి నచ్చే ఒక సంగతి. చెకొస్లొవేకియాలో గాబ్లోంజ్ అనే ఊరు గాజు పూసలకీ గాజు నగలకీ పేరుపొందింది. ఒకప్పుడు అక్కడి గాజులు, పూసలు మన దేశానికీ ఓడల్లో వచ్చేవి. 1946లో ఆ ఊరి పనివాళ్ళని వెళ్ళగొడితే బవేరియాలో కౌఫ్‌బాయ్‌రెన్ పక్కన, అడవిలో పాడుబడ్డ మందుగుండు ఫ్యాక్టరీ స్థలంలో చేరి కొలిమి పెట్టుకున్నారు. ఆ పేటకి "కొత్త గాబ్లోంజ్" అనే పేరు పెట్టుకున్నారు. ఇప్పటికీ ఆ పేరే. పనిముట్లు పోయినా చేతిలో పని మిగిలింది.

1950 ఆగస్టు 5న స్టుట్‌గార్ట్‌లో కాందిశీకుల సంఘాలు ఒక ప్రకటన చేశాయి. పగ, ప్రతీకారం వదులుకుంటున్నామని అందులో అన్నారు. అది గొప్ప మాటే. కానీ జర్మన్లు ఇతరులకి చేసినదాని గురించి అందులో ఏమీ లేదని, సంతకం చేసినవాళ్ళలో కొందరు నాజీ పార్టీలో పనిచేసినవాళ్ళేనని తర్వాతివాళ్ళు ఎత్తిచూపారు. రెండూ నిజాలే.

తూర్పు జర్మనీలో దారి వేరు. అక్కడ "కాందిశీకులు" అన్న మాటే వాడనివ్వలేదు. "మకాం మార్చినవాళ్ళు" అనాలి. కొందరికి భూసంస్కరణలో పొలం దక్కింది, కానీ తమ ఊరి గురించి సంఘం పెట్టుకోవడానికి, పైకి ఏడవడానికి కూడా వీల్లేదు.

ఇంట్లోనే ఉన్న పరాయివాళ్ళు

ఇప్పుడు ఫ్లెన్స్‌బుర్గ్ బడి దగ్గరికి వద్దాం. 1920లో ఓటు పెట్టి ష్లెస్విగ్‌ని రెండు ముక్కలు చేశారు. ఉత్తర భాగం డెన్మార్క్ వైపు, ఫ్లెన్స్‌బుర్గ్ ఉన్న భాగం జర్మనీ వైపు ఓటేశాయి. గీత ఎక్కడ గీసినా అటువైపు కొందరు, ఇటువైపు కొందరు మిగిలిపోతారు. మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

1945లో జర్మనీ కూలిపోగానే దక్షిణ ష్లెస్విగ్‌లో "మేం డేన్లం" అనేవాళ్ళు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగారు. డెన్మార్క్ నుంచి తిండి పొట్లాలు వచ్చేవి కాబట్టి మిగతా జర్మన్లు వీళ్ళని "పంది కొవ్వు డేన్లు" అని ఎకసెక్కం చేశారు. వాళ్ళ ముఖ్యమైన కోరికల్లో ఒకటి ఏమిటంటే, తూర్పు నుంచి వచ్చిన కాందిశీకుల్ని ఇక్కడి నుంచి తీసుకెళ్ళిపొమ్మని. వీళ్ళంతా ఇక్కడే ఉండిపోయి ఓటేస్తే తమ గొంతు మునిగిపోతుందని భయం. సరిహద్దు మార్చాలా అని బ్రిటిష్ వారు 1946లో అడిగితే డెన్మార్క్ వద్దంది. మార్చాలన్న ప్రధాని క్నూడ్ క్రిస్టెన్సెన్ 1947లో పదవి పోగొట్టుకున్నారు.

అంటే ఒక నిర్భాగ్యుల గుంపుకీ ఇంకో చిన్న గుంపుకీ మధ్య తగువు. పాపం ఎవరివైపు నిలబడతాం? డెన్మార్క్‌కి కూడా చేతులు పూర్తిగా శుభ్రం కావు. 1945లో సముద్రం మీదుగా సుమారు రెండున్నర లక్షల జర్మన్ కాందిశీకులు డెన్మార్క్‌లో దిగారు. ఐదేళ్ళ నాజీ ఆక్రమణ అప్పుడే ముగిసిన దేశం అది, కోపం ఉండదా? వాళ్ళని ముళ్ళకంచెల వెనక శిబిరాల్లో పెట్టారు. ఓక్స్‌బోల్ శిబిరంలోనే సుమారు 35 వేల మంది. ఊళ్ళోవాళ్ళతో కలవనివ్వలేదు. మొదటి ఏడాదే వేల మంది చిన్నపిల్లలు జబ్బులతో చనిపోయారు. 1949 ఫిబ్రవరికి ఆఖరివాళ్ళు వెళ్ళిపోయారు. ఆ శిబిరం ఉన్నచోట 2022లో డేన్లే కాందిశీకుల మ్యూజియం కట్టి ఆ కథ చెబుతున్నారు.

దారి దొరికింది కీల్‌లో. 1949లో రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. తాను డేనుననుకోవడం ఎవరికైనా స్వేచ్ఛ, దాన్ని అధికారులు కాదనడానికీ పరీక్షించడానికీ వీల్లేదు అని. రక్తం చూడరు, ఇంటిపేరు చూడరు, ఇంట్లో ఏ భాష మాట్లాడతావని అడగరు. నువ్వు అనుకుంటే నువ్వు డేనువి.

కాగితం మీది మాట వెంటనే నిలబడలేదు. చిన్న పార్టీలు శాసనసభలోకి రాకుండా 1951లో అడ్డుగోడని ఏడున్నర శాతానికి పెంచారు. 1952లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. 1954లో ఐదు శాతం గోడకే తగిలి డేన్ల పార్టీ సుమారు 42 వేల ఓట్లు వచ్చినా ఒక్క సీటూ లేకుండా బయట ఉండిపోయింది. అదే సమయంలో పశ్చిమ జర్మనీ నాటోలో చేరాలి. డెన్మార్క్ అప్పటికే సభ్యురాలు. ఆ దేశపు విదేశాంగ మంత్రి హెచ్.సి. హాన్సెన్ ఆ సభలోనే ఈ 42 వేల ఓట్ల సంగతి లేవనెత్తారు. చర్చలు మొదలయ్యాయి. 1955 మార్చి 29న జర్మనీ ఒకటి, డెన్మార్క్ ఒకటి, రెండు ప్రకటనలు చేశాయి. ఒప్పందం కాదు, ఎవరి దేశంలో ఉన్న అల్పసంఖ్యాకులకి వాళ్ళే ఇచ్చిన మాట. డేన్ల పార్టీకి ఐదు శాతం నిబంధన నుంచి మినహాయింపు వచ్చింది. డెన్మార్క్‌లో ఉన్న జర్మన్ల బడికి పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే హక్కు వచ్చింది.

ఇప్పుడు అక్కడ డేన్లు సుమారు 50 వేలు, ఆ పక్కన జర్మన్లు సుమారు 15 వేలు. 2011లో రాష్ట్ర ప్రభుత్వం పొదుపు పేరుతో డేన్ల బడుల డబ్బు 85 శాతానికి తగ్గించింది. 2012 ఎన్నికల తర్వాత డేన్ల పార్టీ తానే ప్రభుత్వంలో భాగమై దాన్ని మళ్ళీ సరిచేయించింది. 2021లో ఆ పార్టీ మనిషి ఒకరు జర్మన్ పార్లమెంటుకీ వెళ్ళారు. హక్కు ఒకసారి వస్తే నిలిచిపోదు, కాపలా ఉండాలి.

కలవడం వేరు, నిలవడం వేరు

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒకటి తేలింది. కాందిశీకుల పార్టీ 1957లో ఐదు శాతం దాటలేక జర్మన్ పార్లమెంటు నుంచి బయటపడింది, కొన్నేళ్ళకి మాయమైపోయింది. ఎందుకంటే వాళ్ళకి ఇళ్ళొచ్చాయి, పనులొచ్చాయి, ఊళ్ళో పిల్లలతో పెళ్ళిళ్ళయ్యాయి. వాళ్ళకి కావాల్సింది కలిసిపోవడం. డేన్ల పార్టీ మాత్రం ఇంకా ఉంది. వాళ్ళకి కావాల్సింది కలిసి ఉంటూ నిలిచి ఉండడం. ఒకే మందు ఇద్దరికీ పనిచెయ్యదు. ఇల్లు లేనివాడికి "నీ సంస్కృతి కాపాడతాం" అంటే కడుపు నిండదు. బడి లేనివాడికి "అందరితో సమానంగా చూస్తున్నాం కదా" అంటే భాష మిగలదు.

కలిసిపోయినదానికి ఖరీదు కూడా ఉంది. తూర్పు ప్రష్యా, సైలీషియా యాసలు మాట్లాడేవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టాల్సినంత మంది. పిల్లలు బడిలో వెక్కిరింపు తప్పించుకోవడానికి మొదట వదిలేసింది యాసనే.

జర్మనీ అందరికీ ఇలా తలుపు తీసిందా? లేదు. నాజీలు చంపిన సింటి, రోమా జనం మీద జరిగింది జాతిహత్యేనని ఆ ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1982 దాకా పట్టింది. 1961 నుంచి పనికి పిలిపించుకున్న టర్కీ వాళ్ళ పిల్లలకి అక్కడే పుట్టినా పుట్టుకతో పౌరసత్వం 2000 దాకా రాలేదు. 1990లో ఒక్క ఏడాదే దాదాపు 4 లక్షల మంది జర్మన్ జాతివాళ్ళు రష్యా, కజకస్తాన్, పోలండ్, రుమేనియాల నుంచి వచ్చారు. అక్కడ వాళ్ళని జర్మన్లన్నారు, ఇక్కడికొస్తే రష్యన్లన్నారు. వెనక ఉండిపోయినవాళ్ళ సంగతీ తేలిపోలేదు. పోలండ్‌లో జర్మన్ పిల్లలకి వారానికి మూడు గంటలుండే మాతృభాష పాఠాన్ని 2022లో ఒక గంట చేశారు, 2024లో మళ్ళీ మూడుకి తెచ్చారు.

మన వసారా

మా అమ్మాయి అడిగినదానికి జవాబు సగమే మా దగ్గర ఉంది. మన రాజ్యాంగంలో 29, 30 అధికరణాలున్నాయి. 1956లో చేర్చిన 350ఎ ప్రకారం అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలి. చట్టం ఉంది. అడిగేవాళ్ళు తగ్గిపోయారు. మన ఇంట్లో ఎంతమంది పిల్లల్ని మనం తెలుగు బడికి పంపాం? ఫ్లెన్స్‌బుర్గ్‌లో డేన్లు ముందు పిల్లల్ని పంపారు, తర్వాత డబ్బు అడిగారు.

మిగతా సగం వసారాలో ఉంది. రంగూన్ వాళ్ళని ఆదుకున్నామని మన ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం. మొన్న పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే 1942-45 నాటి చిట్టా పుస్తకం దొరికింది. అందులో వారం వారం ఒక పద్దు: "బర్మా వాళ్ళకి బియ్యం", పక్కన కుంచాల లెక్క. మూడేళ్ళ పాటు అదే. సొంత తమ్ముడి కుటుంబం, ఆరుగురు మనుషులు, వాళ్ళ పేర్లు ఒక్క పేజీలోనూ లేవు. పశువుల దాణాకి వేరే పద్దు ఉంది, అందులో ఆవుల పేర్లున్నాయి.

ఆకలి తీర్చాం, కాదనం. కానీ వసారా దాటి లోపలికి రానిచ్చామా? 1945లో పెద్దాయనకి రైల్వేలో పని దొరికి వాళ్ళు ఖరగ్‌పూర్ వెళ్ళిపోయారు. ఆ తర్వాత రాకపోకలు లేవు. ఎందుకు లేవో ఇన్నాళ్ళూ మేము ఆలోచించలేదు.

ఆ నలుగురు పిల్లల పేర్లు మనలో పెద్దవాళ్ళెవరికైనా జ్ఞాపకం ఉంటే రాసి పంపండి. విజయనగరం పిన్నిగారూ, ముఖ్యంగా మీరు. వంశవృక్షంలో ముత్తవ్వగారి తమ్ముడి పేరు కింద నాలుగు ఖాళీ గళ్ళు గీసి ఉంచాం.